మరమ్మతు

విశాఖ గోపాలపట్నంలో ఈ మాట వినని రోజుండదు. లైన్ల మరమ్మతుకు కరెంటు కోత, పైపుల మరమ్మతుకు నీళ్ల కోత. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. అంతకుముందు చిల్లుపడ్డ బిందెకు మనం ‘మాటు’ వేసేవాళ్లం.

అదే మాట ఇప్పుడు ఒంట్లోని కణంలోకి వెళ్లింది. ఎలాగంటే, 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఆర్‌ఆర్‌ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మి 12 మంది పోయారు. ఒంట్లో చేరిన స్టైరీన్, స్టైరీన్ ఆక్సైడ్‌గా మారి డీఎన్ఏకు అంటుకోగలదు. అప్పుడు కణం దెబ్బతిన్న ముక్కను కత్తిరించి, ఎదుటి పోగును చూసి కొత్తది అల్లుకుంటుంది. ఈ మరమ్మతుల గుట్టు విప్పినందుకే శాస్త్రవేత్తలు లిండాల్, మోడ్రిచ్, సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. సంజార్ తుర్కియే బిడ్డ. ఆయన భాషలోనూ ‘మెరెమెత్’ అంటే మరమ్మతే! ఈ చుట్టరికం తెలిసినప్పుడు నాకెంత సంతోషమైందో.

ఊపిరితిత్తుల కేన్సర్‌లో కథ తిరగబడుతుంది. సిస్‌ప్లాటిన్ మందు కణితి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. మరమ్మతు బాగా వచ్చిన కణితి తట్టుకుని నిలుస్తుంది. అందుకే కణం వాడే ఆ మరమ్మతు పనిముట్లనే గురిచూసి ఆపే మందులు వెతుకుతున్నారు. అలాంటి పనిముట్లలో ఒకటైన పార్ప్ అనే ఎంజైమును అడ్డుకునే ఒలాపరిబ్‌కు అండాశయ కేన్సర్‌లో 2014లోనే అనుమతి వచ్చింది. ఊపిరితిత్తుల విషయంలో పరీక్షలు సాగుతున్నాయి.

ఈ డీఎన్ఏ మరమ్మతును కొందరు ‘పునరుద్ధరణ’ అని రాస్తున్నారు. వద్దండీ. మరమ్మతు అనే రాయండి, రోగి ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది.