ఒకే సర్కారు, రెండు వంటిళ్ళు

“గోదావరి జిల్లా సంబంధమా? ఇంకేం, పిల్ల సుఖపడుతుంది” అనడం మన పెద్దవాళ్ళకు పరిపాటి. ఆ సుఖం గోదావరితోపాటు పుట్టిందేమీ కాదు సుమండీ! ఒకప్పుడు కరువులతో, తుపాన్లతో ఆ సీమ కూడా అల్లాడింది. 1821లో 7 లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841కల్లా సుమారు 5 లక్షల 60 వేలకు పడిపోయింది. ఏటినిండా నీళ్ళే, ఇంట్లో మాత్రం పొయ్యి వెలగదు. ఆ నీళ్ళన్నీ సముద్రం పాలయ్యేవి మరి.

1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కి పూర్తయింది. కాలవలు పారాయి, పడవలు తిరిగాయి, వరి పండింది.

1876లో ధాత కరువు వచ్చింది. డెల్టాకూ సీమకూ అదే చెన్నపట్నం సర్కారు, అదే తెలుగు. డెల్టాలో అన్నం ఉడికింది. కర్నూలు జిల్లాలోనో? 1871, 1881 జనాభా లెక్కల మధ్య నాలుగోవంతు మంది తగ్గిపోయారు. కరువు పనిలో మగవాడికి రోజుకి ఒక పౌను గింజలూ ఒక అణా ఇచ్చారు. ఆడదానికి అంతకంటే తక్కువ. పిల్లలకు గంజి కాచి పొయ్యవలసింది మాత్రం ఆవిడే!

ఒక ఊరివాళ్ళు కలిగినవాళ్ళనీ, మరో ఊరివాళ్ళు లేనివాళ్ళనీ ఇట్టే తేల్చేస్తాం. ఆ ఊరి పొలానికి కాలవ నీళ్ళు ఏ ఏడు వచ్చాయో, అసలు వచ్చాయో లేదో, ముందు అడిగి చూడండి.