సూరత్ సంకర పత్తి

సూరత్ అనగానే మీకు జరీ, వజ్రాలు గుర్తుకొస్తాయి. వ్యవసాయ చరిత్రలోనూ ఆ ఊరికి చోటుంది. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి 'హెచ్-4'ను అక్కడి పత్తి పరిశోధనా కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ రూపొందించారు. అది 1970లో విడుదలైంది.

దాని విత్తనం తయారీ ఓపికతో కూడిన పని. 'గుజరాత్-67' రకం మొగ్గలలోని కేసరాలను చేతితో తొలగించి, పువ్వు విచ్చాక అమెరికన్ రకం పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ ఇంతే!

దిగుబడి పెరిగింది. కానీ సంకర పంట గింజలనే మళ్ళీ విత్తితే మొక్కలన్నీ ఒకేలా రావు, దిగుబడీ తగ్గుతుంది. అందుకే రైతు ఏటా విత్తనం కొనాలి. పత్తి తినే పంట కాదు. దాన్ని అమ్మితేనే ఆ ఇంట అన్నం ఉడుకుతుంది. వాన తప్పినా, ధర పడిపోయినా విత్తనానికి చేసిన అప్పు మిగులుతుంది. ఏ విధానమైనా దిగుబడితోపాటు ఈ లెక్కనూ చూడాలి కదా?