ఐక్యరాజ్యసమితి గోడమీద వ్రాతలు

2007 ఆగస్టు 12వ తేదీ ఆదివారమునాడు ఐక్యరాజ్యసమితి వెబ్‌సైటును తెరచి, ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ప్రసంగములను చదువగోరినవారికి ఆయన వాక్యములు కనిపింపలేదు. వాని స్థానమున ఒక నినాదము నిలిచియుండెను. ఇజ్రాయెలును, అమెరికాను పేరుపెట్టి పిలిచి, పిల్లలను చంపవలదనియు, యుద్ధము వలదనియు, శాంతి శాశ్వతముగా నుండవలెననియు దాని సారాంశము. తామే వ్రాసితిమని చెప్పుకొన్న ముగ్గురును మారుపేర్లనే చాటుకొనిరి. సమితి ఉద్యోగులు ఆ పుటలను తొలగించి మరమ్మతునకు పూనుకొనిరి.

ఆ నినాదములో ఒక వ్రాతదోషము కలదు. ఇంగ్లీషున 'డోంట్' అను మాటలో వేయవలసిన చిన్న కొక్కెపు గుర్తు అందు లేదు. తొందరపాటని మనము అనుకొందుము. కంప్యూటరు విద్య నెరిగినవారు మాత్రము దానియందే దొంగ వచ్చిన త్రోవను గుర్తించిరి. వెబ్‌సైటులోని ప్రసంగములన్నియు దాని వెనుకనున్న డేటాబేసులో భద్రపరుపబడి యుండును. పాఠకుడు కోరిన ప్రసంగపు సంఖ్యను యంత్రము తన ఆజ్ఞలో చేర్చి డేటాబేసునకు పంపును. ఆ సంఖ్యను పరీక్షింపక స్వీకరించు యంత్రమైనచో, దాని తోకకు మరియొక ఆజ్ఞను తగిలించి పంపవచ్చును. డేటాబేసు దానిని యజమాని ఆజ్ఞగానే నెరవేర్చును. కొక్కెపు గుర్తు ఆ భాషలో మాటల ఎల్లను తెలుపునది. నినాదము నడుమ అది వచ్చినచో ఆజ్ఞ అచ్చటనే తెగిపోవును. అందుచేతనే దానిని విడిచియుందురని ఆ నిపుణుల ఊహ. ఈ లోపము అప్పటికి దాదాపు పదేండ్లుగా లోకమునకు తెలిసినదే. దేశదేశములకు హితవు చెప్పు సంస్థ తన తలుపు గడియను సరిచూచుకొనకుండుట మాకు వింతగా తోచుచున్నది.

వారి కోపము రెండు రాజ్యములమీద. వ్రాసినది సమితి గోడమీద. కారణము ఊహింపరానిది కాదు. సమితికి సొంత సైన్యము లేదు, దాని బలమెల్ల మాటయే. ఆ మాట వెలువడు తావున నిలిచి పలికినచో లోకము చెవియొగ్గును. శాంతిని కోరుట మంచిదే గాని, ఒకరి నోరు నొక్కి ఆ కోరికను వినిపించుటను మేము మెచ్చజాలము. అయినను ఆనాటి నష్టము చెరిపివేసినంతనే పోవునది.

2016 నాటి కథ అట్టిది కాదు. రష్యాలో ప్రభుత్వ యంత్రాంగమే క్రీడాకారుల ఉత్తేజక సేవనమును కప్పిపుచ్చినదని ఆ జూలైలో మెక్‌లారెన్ నివేదిక తెలిపెను. దానిని వ్రాయించినది మాంట్రియల్ నగరమందలి ప్రపంచ ఉత్తేజక నిరోధక సంస్థ, 'వాడా'. సెప్టెంబరులో వాడా రహస్య పత్రములు 'ఫ్యాన్సీ బేర్స్' అను పేరున బయటపడినవి. రియో ఒలింపిక్ క్రీడలకొరకు తెరచిన ఒక ఖాతా రహస్యపదమును దొంగ ఉత్తరములతో రాబట్టి లోనికి చొరబడిరి. సిమోన్ బైల్స్, సెరీనా విలియమ్స్ మున్నగువారు అనుమతి పొంది వాడిన మందుల వివరములవి. వారే నియమమును ఉల్లంఘింపలేదు. ఐనను వారి వైద్య విషయములు వీధిన పడెను, వాటిని ఎవ్వరు చెరుపగలరు?

2018 ఏప్రిల్ 13న హేగ్ నగరములో, రసాయనిక ఆయుధ నిషేధ సంస్థ ప్రక్కనున్న హోటలు ఆవరణలో ఒక అద్దెకారు నిలిచియుండెను. సాలిస్‌బరీ విషప్రయోగమును గూర్చి ఆ సంస్థ నివేదిక వెలువడిన మరునాడది. కారు వెనుక అరలో, ఒక కోటు క్రింద, ఏంటెన్నా దాగియున్నది. వైఫై యనునది కూడ మన రేడియోవలె తరంగములతో నడచునదే గనుక, ప్రక్క భవనమునుండి దానిని పట్టవచ్చును. డచ్చివారు నలుగురు రష్యనులను పట్టి దేశమునుండి వెడలగొట్టిరి. అక్టోబరు 4న ఈ సంగతి ప్రకటింపబడెను. ఆనాడే అమెరికా ఆ నలుగురితో గూడ ఏడుగురు రష్యా సైనిక గూఢచారులపై, వాడా చౌర్యముతో సహా, నేరారోపణ చేసెను. రష్యా అన్నిటిని కాదనెను. ఆ నలుగురిలో ఒకనియొద్ద దొరకిన టాక్సీ రసీదు మాత్రము, సైనిక గూఢచారి శాఖవారి కార్యాలయ సమీపమునుండి మాస్కో విమానాశ్రయమువరకు ఇచ్చిన బాడుగను చూపుచుండెను.