తెలుగుకు దగ్గరి చుట్టాలెవరు?

మా పెదకాకానికి మల్లేశ్వరస్వామి గుడి ఎంత పేరు తెచ్చిందో, బాజీబాబా దర్గా కూడా అంతే పేరు తెచ్చింది. గుడిలో సంస్కృతం, దర్గా దగ్గర ఉర్దూ, ఊరంతా తెలుగు. ఈ మూడింటిలో ఏ రెండు ఒక కుటుంబానివని తెలుగు మాస్టారుగా ఎప్పుడడిగినా, పిల్లలూ పెద్దలూ ఒకే జవాబు చెప్పేవారు: తెలుగూ సంస్కృతమూ. అది తప్పు. సంస్కృత కుటుంబానికి చెందింది ఉర్దూ.

ఫారసీ, అరబ్బీ మాటలు ఎన్ని చేరినా ఉర్దూ క్రియలు, సర్వనామాలు, అంకెలు హిందీకి ఉన్నవే. 'దో', 'తీన్' అన్నవి ప్రాకృతాల మీదుగా 'ద్వి', 'త్రి'ల దగ్గరికి వెళతాయి. మన 'రెండు', 'మూడు' మాత్రం తమిళుల 'ఇరండు', 'మూన్ఱు' సరసన నిలుస్తాయి. తెలుగులో సంస్కృత పదాలు కొల్లలు, నిజమే. అప్పు తెచ్చిన సరుకుతో ఇల్లు నిండినా, అప్పిచ్చినవాడు తండ్రి కాడు గదా!

ఈ సంగతి మొదట తేల్చింది 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ అని చాలామంది నమ్మకం. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, మద్రాసులో ఆంగ్లేయ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దాన్ని నిరూపించాడు. కాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో తెలుగు ధాతువులను సంస్కృత ధాతువుల పక్కన పెట్టి చూపాడు; పొంతన కుదరలేదు. తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టాడు, కుదిరింది. ఆ పనికి ఆధారం మనవాళ్ళ పాండిత్యమే. ధాతువుల పట్టిక పట్టాభిరామశాస్త్రిది. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అన్న విభజనను ఎల్లిస్ మచిలీపట్నం మామిడి వెంకయ్య 'ఆంధ్రదీపిక' నుంచి తీసుకున్నాడు. దేశ్యం, అంటే అచ్చమైన తెలుగు మాట, వేరని మన వ్యాకర్తలు ఏనాడో గుర్తించారు. అయినా వాదం ఆగలేదు. 1937లో చిలుకూరి నారాయణరావు 'ఆంధ్రభాషా చరిత్రము'లో తెలుగు ప్రాకృతజన్యమేనని పట్టుబట్టారు.

సంస్కృతం కాదంటే, "అయితే తమిళం తల్లా?" అంటారు. అదీ కాదు. తమిళం తోబుట్టువు. మిరపకాయ కోతకు వెళ్ళే కూలీలు "పొద్దెక్కకముందే పోవాలి" అంటారు. ఆ 'పొద్దు'ను బడిలో ఎర్రసిరాతో 'ప్రొద్దు' అని దిద్దేవారు. తమిళంలో అది 'పొఴుదు'. ఆ పాత రూపంలో అక్షరాలు చోటు మారి 'ప్రొద్దు' అయింది, రకారం జారి 'పొద్దు' అయింది. అంటే పండితులు శుద్ధమన్న రూపం కూడా మారి వచ్చిందే. కూలీలది చెడిన మాట కాదు, ఆ మార్పులో తరువాతి మెట్టు. ఇక్కడ తమిళం పాతదాన్ని నిలుపుకుంది. 'చెవి' విషయంలో తమిళమూ తెలుగూ రెండూ మారాయి. పాత కకారాన్ని 'కివి' అనే కన్నడం కాపాడింది. ఏ తోబుట్టువూ మొత్తం పాతదనాన్ని మోసుకురాలేదు.

కన్నడ లిపి మన లిపిలా ఉంటుంది కాబట్టి కన్నడమే అతి దగ్గరి బంధువన్నది మరో పొరపాటు. లిపి వేరు, భాష వేరు. మన భట్టిప్రోలు శాసనాల లిపి బ్రాహ్మీ, భాష మాత్రం ప్రాకృతం. ఒంగోలులో 1928లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ధ్వనుల మార్పులను, క్రియారూపాలను పోల్చి, తెలుగును గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలున్న శాఖలో నిలబెట్టారు. 1969లో కొండ భాషకు వ్యాకరణమూ రాశారు.

అరకు లోయలో కువి, ఉట్నూరు పక్కన గోండీ మాట్లాడే పిల్లలు మన బడుల్లోకి వస్తారు. వాళ్ళది లిపి లేని యాస అని తీసిపారేసే పెద్దమనుషులను చూశాను. ఆ మాట నన్నిప్పటికీ బాధిస్తుంది. ఆ పిల్లల ఇంటిభాష తెలుగుకు కన్నడ తమిళాలకంటే దగ్గరిది. తెలుగు వాచకంలో నన్నయ పాఠానికి ముందే ఈ బంధుత్వం పాఠంగా ఉండాలి. అప్పుడు గోండు పిల్లవాడు తలెత్తుకుని తెలుగు నేర్చుకుంటాడు, మా గుంటూరు పిల్లవాడు అతని మాటకు విలువివ్వడం నేర్చుకుంటాడు.