గ్రంథాన్వేషణ చరిత్ర: అనుక్రమణి నుండి కృత్రిమ మేధ వరకు



మా పితృపాదులు జీవితకాలమంతా సమకూర్చిన ధర్మశాస్త్ర, ఆగమ, వ్యాకరణ గ్రంథాలు సుమారు నాలుగు వందలు మా ఇంటి అలమరలలో ఉన్నాయి. గత సంవత్సరం మా మేనల్లుడు వాటిలో చాలా భాగాన్ని స్కాన్ చేసి కంప్యూటరులో భద్రపరచి, కృత్రిమ మేధ వాటిని వెదకి సమాధానం చెప్పే ఏర్పాటు చేసి ఇచ్చాడు. ప్రశ్నను తెలుగులో అడిగితే చాలు, విషయం ఏ గ్రంథంలో ఏ పుటలో ఉన్నదో చూపి సారాంశాన్ని కూడా వ్రాసి ఇస్తుంది. సాధనం నూతనమే గాని, దానిని పుట్టించిన కోరిక అతిప్రాచీనం. ఆ చరిత్రను ఒకసారి స్మరిస్తే ఈ సాధనం యొక్క బలమూ దోషమూ రెండూ బోధపడతాయి.

విశాలమైన వాఙ్మయంలో కావలసిన స్థానాన్ని గుర్తించే విద్యను మన ఋషులు అనుక్రమణుల రూపంలో అనుగ్రహించారు. కాత్యాయన మహర్షి సర్వానుక్రమణిలో ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికీ ప్రతీకం, ఋక్సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు క్రమంగా చెప్పబడ్డాయి. 10 మండలాలు, 1028 సూక్తాలు గల మహారాశికి అది సూచిక. మా తైత్తిరీయ సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు, 651 అనువాకాలు. అనువాకాన్ని ఏబదేసి పదాలుగా విభజిస్తారు. ఆ విభాగాన్నే తెలుగు వేదపండితులు పనస అంటారు. అనువాకం ముగియగానే పనసలు తెగే చోటి పదాలను, శేషించిన పదాల సంఖ్యను కూడా వల్లిస్తాము. ఒక్క పదం జారినా లెక్క తప్పుతుంది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది: ఈ సూచికలను వాడినవారికి సంహిత అంతా కంఠస్థం. పనసగా తెగినా, ముందు వెనుకల సంబంధం అధ్యేత హృదయంలో అఖండంగా ఉండేది.

ముద్రణాయుగంలో సూచికలు పుస్తకరూపం ధరించాయి. జర్మన్ పండితుడు థియోడర్ ఆఫ్రెక్ట్ సంస్కృత గ్రంథాల, గ్రంథకర్తల నామావళిని కాటలాగస్ కాటలాగోరమ్ అనే పేర 1891 నుండి 1903 వరకు మూడు భాగాలుగా ప్రకటించాడు. మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ వేదమంత్రాల పాదాలను అకారాదిగా కూర్చిన బృహత్సూచిక 1906లో హార్వర్డ్ నుండి వెలువడింది. వేదవాఙ్మయంలోని పదాలన్నింటికీ ఆచార్య విశ్వబంధు పర్యవేక్షించిన వైదిక పదానుక్రమ కోశం లాహోరులో ఆరంభమై, దేశవిభజన అనంతరం హోషియార్‌పురంలో పూర్తయింది. ఎందరో పండితులు దశాబ్దాల తరబడి కాగితపు చీటీలపై చేసిన తపస్సు అది.

యంత్రం ఈ కార్యంలోకి ప్రవేశించినది ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో. 1945లో అమెరికా శాస్త్రజ్ఞుడు వానెవర్ బుష్ ఒక బల్లను ఊహించాడు. మనిషి తన పుస్తకాలను, లేఖలను సూక్ష్మచిత్రాలుగా అందులో దాచుకొని, కోరినది క్షణంలో తెరపై చూడగలగాలని అతని సంకల్పం. దానికి మెమెక్స్ అని పేరు పెట్టాడు. ఆ బల్ల నిర్మింపబడలేదు గాని, వ్యక్తిగత గ్రంథాలయాన్ని యంత్రం వెదకాలనే భావన నిలిచిపోయింది. ఇటలీ దేశపు క్రైస్తవ పూజారి రొబెర్తో బూసా 1949లో ఐబీఎం సంస్థ సహాయాన్ని అర్థించి, థామస్ అక్వినాస్ రచనలలోని ప్రతి పదానికీ రంధ్రాల కార్డులపై సూచిక నిర్మించడం ఆరంభించాడు. అది తరువాత 56 సంపుటాలుగా అచ్చయింది. ఈ శ్రమకు మూలం అతని పరిశోధనలోని ఒక అనుభవం. సాన్నిధ్యాన్ని గురించి ఆ తత్త్వవేత్త చెప్పిన సిద్ధాంతం పెద్ద పారిభాషిక పదాలలో కాక, 'లో' అనే అర్థమిచ్చే ఒక చిన్న అవ్యయంలో ఇమిడి ఉన్నదని అతడు గ్రహించాడు. చిన్న పదాన్ని ఉపేక్షిస్తే సిద్ధాంతమే జారిపోతుంది.

ఇక వర్తమానం. భారతీయుడైన కోవిద్ గోయల్ 2006లో ఆరంభించిన క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎందరికో సొంత డిజిటల్ గ్రంథాలయమైంది. 2022 నుండి అది పుస్తకాల లోపలి పాఠాన్ని కూడా వెదకుతున్నది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఎంసీపీ అనే బహిరంగ నియమావళిని ప్రకటించింది. దాని ద్వారా కృత్రిమ మేధా ఏజెంటు మన కంప్యూటరులోని పుస్తకాలను వెదకే సాధనాన్ని తానే పిలుచుకొని వాడగలదు. ఇటువంటి అనేక సాధనాలలో గ్రంథాన్ని చిన్న ఖండాలుగా కోసి, ఒక్కొక్క ఖండాన్ని సంఖ్యల వరుసగా మారుస్తారు. ప్రశ్నను కూడా అట్లే మార్చి, దానికి సమీపంగా ఉన్న ఖండాలను ఏరి తెస్తారు. వాటిని చదివి యంత్రం సమాధానం కూర్చుతుంది. మా ఇంటి ఏర్పాటు కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది.

దానితో నాకు కలిగిన స్ఖలనాన్ని దాచకుండా నివేదిస్తాను. మా ఆలయానికి వచ్చే స్మార్త గృహస్థు ఒకరు ఏకాదశి విషయమై ఫోనులో అడిగారు. అరుణోదయంలో దశమి ఉండి, సూర్యోదయానికి ముందే ముగిసింది. ఉపవాసం ఆనాడా, మరునాడా? తీరిక లేక సాధనాన్ని అడిగాను. అరుణోదయవేధ ఉన్నందున అందరికీ మరునాడే అని గ్రంథనామంతో, పుటసంఖ్యతో సమాధానం వచ్చింది. అదే వారికి చెప్పాను. సాయంకాల పూజ ముగిసినా మనస్సు కుదుటపడలేదు. పుస్తకం తీసి చూశాను. పుట సరియైనదే, వాక్యమూ ఉన్నది. ఆ ఖండం చివర 'ఇతి కేచిత్' అని, తరువాతి పంక్తి ఆరంభంలో 'తన్న' అని ఉన్నాయి. కొందరి మతాన్ని ముందుగా చెప్పి, అది కాదని ఖండించి, అరుణోదయవేధ వైష్ణవవిషయమనీ, స్మార్తులకు సూర్యోదయవేధయే గ్రాహ్యమనీ గ్రంథకర్త నిర్ణయించాడు. యంత్రం కోత 'తన్న'కు ముందే పడింది. పూర్వపక్షం సిద్ధాంతమై నా నోట వెలువడింది. వెంటనే ఫోను చేసి, పొరపాటును ఒప్పుకొని, ఆ దినమే ఉపవాసమని విన్నవించాను.

యంత్రం అసత్యమాడలేదు, ఉన్న వాక్యాన్నే చూపింది. అందువల్లనే ఈ ప్రమాదం సూక్ష్మమైనది. మన శాస్త్రగ్రంథాలలో ప్రతిపక్షాన్ని ఎంతో బలంగా, విస్తారంగా నిలబెట్టి ఆ పిమ్మట ఖండించడం సంప్రదాయం. అందుచేత తెగిన ఖండంలో పూర్వపక్షమే ప్రమాణంలా భాసిస్తుంది. ఉపక్రమోపసంహారాలను, అభ్యాసాదులను పరిశీలించి తాత్పర్యాన్ని నిర్ణయించాలని మీమాంసకులు శాసించినది ఇందుకే.

సాధనాన్ని నేను విడువలేదు. ఏ అలమరలో ఉన్నదో మరచిన గ్రంథాన్ని అది క్షణంలో చూపుతున్నది, అది గొప్ప ఉపకారం. అయితే మేనల్లునితో చెప్పి రెండు మార్పులు చేయించాను. దొరికిన ఖండంతోపాటు దాని ముందు పుటను, వెనుక పుటను కూడా చూపాలి. మూలవాక్యం కనబడకుండా సారాంశం రాకూడదు. మూడవ నియమం నాకు నేనే విధించుకొన్నాను: పుస్తకం తెరవకుండా ఎవరికీ ధర్మనిర్ణయం చెప్పను. జిజ్ఞాసువులైన పాఠకులు కూడా ఇటువంటి సమాధానం చేతికి వచ్చినప్పుడు తరువాతి పంక్తిని చదువుదురు గాక. 'తన్న' అనే రెండక్షరాలు అక్కడ ఉండవచ్చు.

స్వస్తి.