పథకానికి గడువుంది, హక్కుకు లేదు

రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో రాతి మీద గీసిన ఆదిమ కాలపు బొమ్మలున్నాయి. అటవీ శాఖ పుట్టకముందే ఇక్కడ మనుషులు అడవిని నమ్ముకొని బతికారనడానికి అవే సాక్ష్యం. కానీ అడవి గురించి రాసే కాగితం, కలం చాలాకాలం మన చేతికి రాలేదు.

నిజాం కాలంలో అడవులను రిజర్వు చేసి, అందులో సాగు చేసుకునే ఆదివాసులను వెళ్లగొట్టారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే పరిశోధకుడితో గోండుల స్థితిని అధ్యయనం చేయించింది. ఆయన కృషి వల్ల ఎందరో గోండులకు పట్టాలు వచ్చాయి. పరిశోధన బతుకును మార్చగలదని అది చూపింది. అయితే ప్రశ్నలు వేసింది, రాసింది బయటివారే. మనవాళ్లు జవాబులు మాత్రమే చెప్పారు.

1990లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యాన్ని ప్రకటించింది. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. 2002లో మరో 10.8 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. ఊరివాళ్లు, అటవీ సిబ్బంది కలిసి ప్రణాళికలు రాశారు. కూలి దొరికింది, మోడుబారిన చోట్ల అడవి మళ్లీ చిగురించింది. కొన్నిచోట్ల మాత్రం మన పోడు భూముల్లోనే మొక్కలు నాటారు. అడవిపై అధికారం శాఖ దగ్గరే ఉండిపోయింది. డబ్బు ఆగాక చాలా సమితులు పేరుకే మిగిలాయి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను మార్చింది. తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని రక్షించే, నిర్వహించే హక్కు గ్రామానిదేనని చెప్పింది. ఈ హక్కుకు ముగింపు తేదీ లేదు. దీని నిబంధనల ప్రకారం పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అదీ సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, దేవతల గద్దెలు కూడా సాక్ష్యాలే.

మేడిగడ్డ దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడి మెంధా-లేఖా అనే గోండు గ్రామంలో ఊరివాళ్లు, బయటి మిత్రులు కలిసి అధ్యయన బృందాలుగా కూర్చొని చట్టాలు చదివారు, అడవిని లెక్కగట్టారు. 2009లో సుమారు 1,800 హెక్టార్లపై సామూహిక హక్కు పొందారు. 2011 నుంచి తమ వెదురును తామే అమ్ముకుంటున్నారు. అడవిని కాపాడే ఖర్చుకు ఆ అడవే ఆధారమైంది.

మన ఊళ్లలోనూ ఈ పని చేయొచ్చు. యువకులు పెద్దల వెంట నడిచి ఊరి హద్దులు, ఇప్పచెట్లు, తునికాకు తెంపే చోట్లు, వాగులు పటంలో గుర్తించాలి. టీచర్లు బడి పిల్లలతో ఆ పేర్లు రాయించాలి. తర్వాత గ్రామసభలో అటవీ హక్కుల కమిటీని ఏర్పాటు చేసుకోవాలి. అందులో మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడో వంతు మహిళలు ఉండాలి. సామూహిక అటవీ వనరుల హక్కుకు ఫారం-సి నింపాలి.

నిధులు వస్తే తీసుకుందాం, పరిశోధకులు వస్తే కలిసి పనిచేద్దాం. కానీ రాసిన పటం, లెక్కల పుస్తకం మన గ్రామసభ పెట్టెలోనే ఉండాలి.