గుండ్ల నడుమ ఒక ఆదివారం

పొద్దున ఐదున్నర. ఏ షిఫ్టు బస్సులు బొల్లారం చౌరస్తాలో ఒకటొకటిగా ఆగుతున్నాయి. హెడ్‌లైట్ల ముందు తేలుతున్నది మంచో పొగో చెప్పడం కష్టం. మఫ్లర్లు చుట్టుకున్న మనుషులు డబ్బాలు చంకన పెట్టుకుని దిగి నేరుగా టీ కొట్టుకే వస్తున్నారు. ఒడియా, భోజ్‌పురి, మన తెలుగు ఒకే పొయ్యి చుట్టూ చలి కాచుకుంటున్నాయి.

గాలిలో తియ్యటి ఘాటు. గోళ్ళరంగు తుడిచే మందు సీసా మూత తీసినట్టు.

"అసిటోన్," అన్నాను.

ఇరవై రెండేళ్ళుగా ఈ గేట్ల మధ్యే బతుకుతున్నాను. కళ్ళు మూసుకుని నిలబడినా ఏ సాల్వెంటు వాసనో చెప్పగలను. పక్కన మేనల్లుడు మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. ఆస్ట్రేలియాలో, డార్విన్‌లో ఉద్యోగం వాడికి. నెలరోజుల సెలవు మీద వచ్చాడు. మొన్న విమానం దిగి "బొల్లారం" అంటే క్యాబ్ డ్రైవరు నేరుగా సికింద్రాబాద్ అవతలి బొల్లారం తీసుకుపోయి రాష్ట్రపతి నిలయం గోడ పక్కన దింపాడట. అందరికీ తెలిసిన బొల్లారం అదే మరి. మాది సంగారెడ్డి జిల్లా బొల్లారం. ఇక్కడికి రాష్ట్రపతులు రారు, డ్రమ్ముల లారీలు వస్తాయి.

రాత్రి వాడు ఫోన్లో ఫొటోలు చూపించాడు. మొన్న జులైలో స్నేహితులతో కారేసుకుని ఆస్ట్రేలియా నడిమధ్యకి పోయాడు. అవుట్‌బ్యాక్ అంటారట. ఎర్రమట్టి, ఎండుగడ్డి, మనిషన్నవాడు కనబడని రోడ్డు. అన్నిటికన్నా ఎక్కువ ఫొటోలు గుండ్లవే. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపోతాయన్నట్టు నిలబడ్డ గుండ్లు.

"ఇదేందిరా, అమీన్‌పూర్ కాడ తీసినవా?" అన్నాను.

"మామా, ఇది కార్లు కార్లు. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి నాలుగొందల కిలోమీటర్లు పోవాలె."

అందుకే ఈ నడక. బొల్లారం నుంచి బీరంగూడ గుట్ట దాకా, బండి లేకుండా. వాడు నెత్తిన అంచుటోపీ, వీపున సంచి, అందులో మూడు లీటర్ల నీళ్ళు. నేను రబ్బరు చెప్పులు, తువ్వాల. కంపెనీ గేటు ముందు సెక్యూరిటీ అతను మమ్మల్ని చూసి నవ్వాడు. ఆదివారం పూట ఇంత పొద్దున షిఫ్టు లేకుండా నడిచిపోయే మనుషుల్ని ఈ వాడలో ఎవరూ చూసి ఉండరు.

సైరన్ కూసింది. ఆరు.

పారిశ్రామికవాడ దాటడానికి చాలాసేపే పట్టింది. ప్రహరీల మీద ముళ్ళతీగ, దాని వెనక పైపుల అల్లిక, ఎక్కడో ఆవిరి బుస్సుమంటున్న చప్పుడు. రోడ్డు పక్కన మాత్రం బారులుగా జామాయిల్ చెట్లు. మేనల్లుడు ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాడు. మాస్కు తీసి మళ్ళీ చూశాడు.

"ఇది మా ఊరి వాసన మామా."

వాడికి 'మా ఊరు' అంటే ఇప్పుడు అక్కడిదే కాబోలు. నిజానికి ఆ చెట్టు అక్కడిదే. తెల్లవాళ్ళ కాలంలో ఆస్ట్రేలియా నుంచి మన గడ్డ మీదికొచ్చి మనదైపోయింది. చెట్లు వలస వచ్చాయి, మనుషులు వలస పోయారు. ఈ లెక్కన మేం బాకీ లేం.

వెలుతురు వచ్చేసరికి గండిగూడెం చెరువు కనబడింది. కట్ట మీద నిలబడితే నీళ్ళు పచ్చగా, మందంగా. ఒడ్డున గుర్రపుడెక్క. ఒక తీతువు పిట్ట మమ్మల్ని చూసి అరుస్తూ లేచింది. 2017లో ఇదే చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. ఒడ్డంతా తెల్లగా, దూరం నుంచి చూస్తే సున్నం పోసినట్టు. వాసన బొల్లారం దాకా వచ్చింది. అది ఏ సాల్వెంటుదీ కాదు, అందరికీ తెలిసిన వాసనే.

మేనల్లుడు అడిగాడు కాబట్టి చెప్పాను. ఇక్కడి ఫ్యాక్టరీల కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టుకు పోయింది 1990లో. కంపెనీల మురుగును శుద్ధి చెయ్యడానికి పటాన్‌చెరులో ఉమ్మడి ప్లాంటు 1994లో వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ప్లాంటులోంచి బయటికొచ్చే నీటిని పరీక్ష చేస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి నెత్తుటిలో ఉండేదానికన్నా ఎక్కువ. లోకమంతా అప్పుడే పటాన్‌చెరు పేరు విన్నది. ఇక్కడి రైతులకు, డాక్టర్ కిషన్ రావు లాంటి వాళ్ళకు మాత్రం ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. బావినీళ్ళ రంగు చూసేవాడికి స్వీడన్ నివేదిక అక్కర్లేదు.

మందులు చేసి బతికేవాణ్ణి, ఈ మాట గట్టిగా అనడానికి నాకు నోరు పెద్దగా రాదు. ముందుకు నడిచాం.

సుల్తాన్‌పూర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు కింద నుంచి పోవాలి. నెత్తి మీద 158 కిలోమీటర్ల రోడ్డు గిర్రున తిరుగుతూ హోరు పెడుతోంది. కింద నీడలో మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. అది దాటాక లే అవుట్లు మొదలు. తెల్ల రాళ్ళు, నంబర్లు, ఆర్చీలు. 'గేటెడ్' అని రాసి ఉంది, గేటు ఉంది, లోపల ఇల్లొక్కటీ లేదు. ఆ ప్లాట్ల మధ్యన ఎవరో పెద్దాయన మొండికేసి అమ్మకుండా ఉంచుకున్న పావెకరం కందిచేను. కాయలు ఎర్రగీతలు దేలి, గింజ పట్టి ఉన్నాయి. రెండు తెంపి ఒలిచి వాడి చేతిలో పెట్టాను. పచ్చిగింజ, పాలు పాలుగా, కొంచెం వగరు.

ఇదివరకు మేం అద్దెకున్న ఇంటి ఓనరు ఇక్రిశాట్‌లో పనిచేసేవాడు. 1972లో పటాన్‌చెరులో పెట్టిన సంస్థ, వానలు సరిగా పడని మెట్టనేలల పంటల కోసం. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. లక్షకు పైగా రకాల విత్తనాలు అక్కడ చలిగదుల్లో దాచి ఉన్నాయి. ఆయన చెబుతుండేవాడు, కందికి అడవి చుట్టాలు చాలామంది ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్నారని. మనం పప్పు వండుకునే కంది పుట్టిల్లు ఇండియాయే, కానీ దాయాదులు మాత్రం మేనల్లుడు ఉద్యోగం చేసే ఆ మూలనే గడ్డిలో గడ్డిగా పెరుగుతున్నారు.

"డార్విన్ చుట్టూ కంది ఉందా? నేను చూడనే లేదే," అన్నాడు వాడు.

చూసినా గుర్తుపట్టి ఉండడు. కందిచేనులో దొంగతనం చేసిన అనుభవం లేదు వాడికి. ఆ విద్య మా తరంతో పోయింది.

తొమ్మిదిన్నరకు గుండ్ల దగ్గరికి చేరాం. తంగేడు పొదల మధ్య నుంచి, సర్కారు తుమ్మ ముళ్ళు తప్పించుకుంటూ పైకెక్కాలి. సీతాఫలం చెట్లు ఆకు రాల్చి రాతి సందుల్లో పుల్లల్లా నిలబడ్డాయి. ఒక రేగుచెట్టు కింద ఎర్రగా రాలిన పండ్లు. మేనల్లుడు నాలుగు ఏరి జేబులో వేసుకున్నాడు. చలికాలమే కానీ రాయి అప్పుడే వేడెక్కింది.

ఇంత దగ్గరగా ఎన్నాళ్ళయిందో చూసి. గుండు మీద అరచెయ్యి పెడితే గరుకు, ఉప్పుకాగితంలా. గులాబీరంగు పలుకులు, తెల్ల పలుకులు, నడుమ మిరియపు గింజల్లా నల్లవి. అంచున పొర లేచి ఉంది, ఉల్లిపాయ పొరలాగే. గోటితో కదిపితే పెంకు ఊడి వచ్చింది. దాని అడుగున రాయి ఇంకా చల్లగా, కొత్తగా ఉంది. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు ఇది. ఏ కొండ మీది నుంచో దొర్లి వచ్చినట్టో, ఎవరో పేర్చినట్టో అనిపిస్తుంది గానీ, ఒక్కటీ కదల్లేదు. భూమిలో ఉన్నప్పుడే పగుళ్ళ వెంట నీరు దిగి మూలలు తిని, నలుపలకల రాయిని గుండు చేసింది. పై మట్టి కొట్టుకుపోయాక ఎక్కడిది అక్కడే బయటపడింది.

"కార్లు కార్లు కాడ బోర్డు మీద సేమ్ ఇదే రాసి ఉంది మామా. గవి 170 కోట్ల ఏళ్ళవట."

"అంటే మనకన్నా చిన్నవి."

ఎందుకో ఆ మాట అన్నాక కాస్త గర్వంగా అనిపించింది, నేనేదో చేసిపెట్టినట్టు. ఒకప్పుడు ఈ రెండు నేలలూ గోండ్వానా అనే ఒకే ఖండం. 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయి మనది ఉత్తరానికి నడిచింది.

గుండ్ల నీడలో కూర్చుని వాడు అక్కడి కథ చెప్పాడు. జాన్ ఫ్లిన్ అని ఒక పాస్టరు. ఆ ఎడారి ఊళ్ళకు 1928లో విమానాల్లో డాక్టర్లను పంపే ఏర్పాటు చేసిన పెద్దమనిషి. ఆయన పోయాక ఆలిస్ స్ప్రింగ్స్‌లో సమాధి మీద పెట్టడానికి 1953లో కార్లు కార్లు నుంచి ఒక గుండును ఎత్తుకుపోయారు. అక్కడి ఆదివాసులకు ఆ గుండ్లు పూజనీయం, వాళ్ళను అడిగిన దిక్కు లేదు. వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 1999లో దాన్ని వాపసు తెచ్చి దాని చోట దాన్ని పెట్టారు. సమాధికి వేరే రాయి ఇచ్చారు. 2008లో ఆ స్థలం మొత్తం వాళ్ళ పేరు మీదికి వచ్చింది.

"ఒక్క గుండు కోసం నలభై ఆరేళ్ళా?"

"ఔ మామా. అక్కడి ఉలూరు కొండ ఎక్కుడు కూడా 2019లో బంద్ జేసిండ్రు. చుట్టూ తిరుగుడే. పది కిలోమీటర్ల పైన ఉంటది. నేను మూడున్నర గంటల్ల తిరిగిన."

ఉలూరు గ్రానైటు కాదు, ఇసుకరాయి. 348 మీటర్ల ఎత్తు. అక్కడ రాయి ముక్క జేబులో వేసుకుని ఇళ్ళకు పోయినవాళ్ళు, తర్వాత మనసొప్పక క్షమించమని ఉత్తరం రాసి పోస్టులో వెనక్కి పంపుతారట. ఆ పొట్లాలు దేశదేశాల నుంచి పార్కు ఆఫీసుకు వస్తూనే ఉంటాయట.

మేం కూర్చున్న గుండుకు అవతలి వైపు పోయి చూశాను. నడుముకింద వరసగా ఏడు గుంతలు. ఒక్కోటి బొటనవేలు పట్టేంత, ఒకదానికొకటి జానెడు దూరం. శానంతో కొట్టినవి. వాటిలో ఇనుప మేకులు దిగ్గొట్టి సమ్మెటతో వరసగా మోదుతూ పోతే రాయి గీత గీసినట్టు విచ్చుకుంటుంది. వడ్డెరల పనితనం అది. చెవి పెట్టి శబ్దాన్ని బట్టి రాయి ఎప్పుడు విడిపోతుందో చెప్పేవాళ్ళు ఉన్నారు. ఈ ఏడింటి దగ్గర ఎందుకో ఆగిపోయారు. గుంతల్లో దుమ్ము చేరి, ఒకదాంట్లో చిన్న గడ్డిపోచ మొలిచింది.

చేతి పని ఆగింది కానీ యంత్రం ఆగలేదు. గుట్ట వెనక సగం లేదు. నిలువునా కోసిన గోడ, దాని కింద కంకర కుప్పలు, 20 ఎంఎం, 40 ఎంఎం. పక్కన పదిహేను అంతస్తుల టవరు లేస్తోంది, ఇదే గుట్ట మరో ఆకారంలో. నేనుంటున్న ఇంటి పునాదిలో కూడా ఇదే కంకర ఉంది, బిల్లు నా దగ్గరే ఉంది. 1996 నుంచి హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని కొందరు ఈ గుండ్ల కోసం కొట్లాడుతున్నారు. వాళ్ళు ఆదివారాలు నడుస్తారని పేపర్లో చదివేవాణ్ణి. ఎప్పుడూ పోలేదు.

మధ్యాహ్నానికి అమీన్‌పూర్ పెద్ద చెరువు. కుతుబ్‌షాహీల నాటిది. 2016 నవంబరులో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం అంచున ఉన్న చెరువుకు ఆ గుర్తింపు దక్కడం దేశంలో ఇదే మొదలు. కట్ట మీద చెట్టు కింద డబ్బా విప్పాం. వాళ్ళత్త కట్టిచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఇంత బెండకాయ. నీళ్ళ మీద బొల్లికోళ్ళు నల్లచుక్కల్లా. ఎండుకొమ్మ మీద నీటికాకి రెక్కలు ఆరేసుకుని ఉతికిన చొక్కాలా నిలబడింది. అవతలి ఒడ్డున అపార్టుమెంట్ల నీడలు నీళ్ళలో పడి వణుకుతున్నాయి.

"గవేంది?" అన్నాడు మేనల్లుడు లేచి నిలబడి.

దూరంగా, లోతులేని నీళ్ళలో, పొడుగు కాళ్ళ మీద తెల్లటి గుంపు. ఒకటి రెక్క విప్పింది. లోపల ఎరుపు. ఫ్లెమింగోలు. తలకిందులుగా ముక్కు ముంచి, ఎవరితోనూ పనిలేనట్టు మేస్తున్నాయి. వాడు ఫోను తీశాడు, జూమ్ చేశాడు, మసగ్గా వచ్చింది, జేబులో పెట్టేశాడు. ఆ తర్వాత అరగంట ఇద్దరం మాట్లాడలేదు. రొట్టె ఎండిపోయింది.

బీరంగూడ గుట్ట ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. మల్లికార్జునస్వామి దర్శనం చేసుకుని బయట అరుగు మీద కూర్చున్నాను. పిక్కలు పట్టేశాయి. ఉలూరు చుట్టి వచ్చినవాడికి మాత్రం ఏం కాలేదు. కింద ఇళ్ళు, ఇళ్ళు, ఇళ్ళు. ఆ పక్క హైవే మీద లారీల బారు. ఉత్తరాన మా బొల్లారం వైపు ఆకాశం అంచు కొంచెం పచ్చగా, కొంచెం ఊదాగా ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే మేనల్లుడు నల్లా దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎవరో కొట్టి పారేసిన కొబ్బరికాయ పీచు పట్టుకుని దేన్నో తోముతున్నాడు. దగ్గరికి పోయి చూశాను. పొద్దున కంకర కుప్పలోంచి ఏరుకున్న రాయి, అరచేతి సగమంత. తడికి గులాబీరంగు పలుకులు మెరుస్తున్నాయి.

"ఏందిరా, అంత రుద్దుతున్నవ్?"

"రాయి తీసుకపోనిస్తరు మామా. మన్ను ఉంటేనే ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు," అని, సందులో ఇరుక్కున్న మట్టిని గోటితో గీకి మళ్ళీ నల్లా కింద పెట్టాడు.